కలుక్కుకి ఎన్ని డెసిబెళ్ళు?

సన్నవలస వాళ్ళకు జబ్బులు ఊరికే రావు. చప్పుడు చేసుకుంటూ వస్తాయి. మోకాలు కలుక్కుమంటుంది. పన్ను జివ్వుమంటుంది. చెవి గుయ్యిమంటుంది, అరికాళ్ళు చిమచిమలాడతాయి, గుండె గుబగుబలాడుతుంది. పక్కన కూర్చున్నవాడికి వీటిలో ఒక్కటీ వినిపించదు. అయినా వాడు "అయ్యో" అంటాడు. వాడికీ ఎప్పుడో ఒకప్పుడు జివ్వుమనే ఉంటుంది కదా.

ఇరవై ఆరేళ్ళుగా సన్నవలస ఏరియా ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాస్తున్న కూర్మారావు ఈ చప్పుళ్ళ మీదే బతుకుతున్నాడు. కిటికీ అవతల మనిషి కలుక్కుమందంటే ఎముకల డాక్టరు. గుండెకింద చురుక్కుమందంటే పొట్టలో పుండు, నాలుగో నెంబరు గది. ఆ మాట అంటున్నప్పుడు మనిషి మొహం ఎలా పెట్టాడు, చెయ్యి ఎక్కడ వేసుకున్నాడు, గొంతు ఎంత నలిగింది, అన్నీ ఒక్కసారే లెక్కలోకి వచ్చేవి. ఎలా వచ్చేవంటే అతను చెప్పలేడు. పదిమందిలో తొమ్మిదిమందిని సరైన గదికే పంపేవాడు. డాక్టర్లు అతన్ని 'అరడాక్టరు' అని ఏడిపించేవారు. కూర్మారావు పైకి సిగ్గుపడేవాడు గాని లోపల భలే మురిసిపోయేవాడు.

ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ సదాశివ పాణిగ్రాహి మంచివాడు. చెడ్డవాళ్ళ వల్లే ఆఫీసులు పాడవుతాయని ఎవరన్నారో గాని, శిక్షణకు వెళ్ళొచ్చిన మంచివాడు చేసినంత పని చెడ్డవాడు చచ్చినా చెయ్యలేడు. చెడ్డవాడికి మధ్యలో బద్ధకమైనా వస్తుంది.

ఆ ఏడాది వేసవిలో పాణిగ్రాహిగారిని విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున ఉన్న హోటల్లో ఒక శిక్షణకు పంపారు. 'మెదడు, భాష, ఇంద్రియాలు' దాని పేరు. ఒక ప్రొఫెసరు పొద్దున పూట తెర మీద మెదడు బొమ్మ వేసి, ఇదిగో చూపుకి ఈ చోటు, వినికిడికి ఈ చోటు, స్పర్శకి ఈ చోటు అని రంగురంగులుగా చూపించాడు. పాణిగ్రాహిగారు ముగ్ధులైపోయారు. ఎవరి సీట్లో వాళ్ళు కూర్చుని ఎవరి ఫైలు వాళ్ళు చూసుకునే ఆఫీసు ఆయన జీవితంలో అదే మొదటిసారి చూడటం. మధ్యాహ్నం రొయ్యల పులావు పెట్టారు. ఆ తర్వాత ప్రొఫెసరు చెప్పిన సగం ఆయన వెనక వరసలో కళ్ళు మూసుకుని విన్నారు.

సోమవారం పొద్దున్నకల్లా నోటీసు బోర్డు మీద సర్క్యులరు వేలాడింది.

"విషయము: రోగుల వాక్కునందు ఇంద్రియ సాంకర్యము – నివారణ – శబ్ద నిరూపణ విధానము – ఆదేశములు జారీ చేయుట గురించి.

ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, మానవ మెదడునందు శబ్దమునకు ఒక స్థానము, స్పర్శకు వేరొక స్థానము కలవు. నొప్పి స్పర్శ విభాగమునకు చెందిన విషయము. అయినను రోగులు తమ నొప్పిని కలుక్కు, చురుక్కు, జివ్వు మొదలగు శబ్దములతో నివేదించుచు ఒక విభాగపు ఫైలును వేరొక విభాగమునకు పంపుచున్నారు. ఇకమీదట శబ్దముతో నివేదింపబడిన ప్రతి బాధను యంత్రముతో కొలిచి, శబ్ద నిరూపణ పత్రము జారీ అయిన పిదపనే వైద్యము చేయవలెను. యంత్రము ఏ అవయవముపై ఉంచబడినదో, శబ్దము ఆ అవయవము నుండియే వెలువడినట్లు భావించవలెను."

కూర్మారావు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు. తర్వాత సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"సార్, కలుక్కు అంటే నిజంగా చప్పుడవుతుందని కాదండి. అలా ఉంటుందని."

"ఎలా ఉంటుందని?"

"కలుక్కుమన్నట్టు సార్."

"చూశారా! ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఉండీ మీ వద్దనే నిర్వచనం లేదు. ఇక ప్రజల సంగతి చెప్పాలా?" అని పాణిగ్రాహిగారు జాలిగా నవ్వారు.

అక్కడే ఉన్న సర్జను డాక్టర్ హేమసుందరికి ఉండబట్టలేదు. ఆవిడా ఆ శిక్షణకు వెళ్ళొచ్చింది, పైగా మధ్యాహ్నం మెలకువగా ఉంది. "సార్, ప్రొఫెసరుగారు మధ్యాహ్నం అసలు విషయం చెప్పారు. ఈ చోట్లు విడివిడిగా ఉన్నా మెదడు వాటన్నిటినీ కలుపుకున్నాకే మాట అర్థం చేసుకుంటుందట. మాట్లాడేవాళ్ళ పెదాలు చూస్తే మనకు వినపడేదే మారిపోతుందట. కలిపితేనే అర్థం సార్, విడదీస్తే ఏమీ మిగలదు."

"మధ్యాహ్నపు అంశములు నా నోటుబుక్కునందు నమోదు కాలేదు డాక్టర్," అన్నారాయన. "నమోదు కానిది జరిగినట్లు కాదు."

పెళ్ళి ఊరేగింపుల్లో డీజే మోత కొలవడానికి పోలీసుల దగ్గర ఒక మీటరు ఉండేది. ఊరేగింపుల్లో దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు గనక వాళ్ళు సంతోషంగా ఆసుపత్రికి ఇచ్చేశారు. కూర్మారావుని 'శబ్ద పరిశీలకుడు' చేసి దాన్ని మెళ్ళో వేలాడదీశారు. నలభై డెసిబెళ్ళ లోపు వస్తే 'శబ్దరహిత ఫిర్యాదు', వాళ్ళకు మందు ఉండదు, భాషా కౌన్సెలింగు ఉంటుంది. నలభై నుంచి ఎనభై అయిదు దాకా మామూలు వరస. ఎనభై అయిదు దాటితే 'తక్షణ నిశ్శబ్దీకరణ', అంటే సర్జను ఉన్నపళంగా రావాలి, ఆపరేషను థియేటరు తెరవాలి. ఈ మూడో తరగతి ఎందుకు సార్ అంటే, ఫారంలో మూడు గడులు అచ్చయ్యాయి, ఒకటి ఖాళీగా ఉంటే బాగుండదన్నారు.

థియేటరు తాళంచెవి సూపరింటెండెంటుగారి సొరుగులోకి మారింది. శబ్ద పత్రం లేనిదే అది బయటికి రాదు. పెద్దాసుపత్రికి పంపే కాగితానికైనా అదే పత్రం జతచేయాలి.

మొదటిరోజు మొదటి రోగి అప్పలాచారి, వడ్రంగి. మోకాలు కలుక్కుమంటోందన్నాడు. కూర్మారావు ఫ్యాన్లు ఆపించి, వరసలో ఉన్నవాళ్ళని ఊపిరి బిగబట్టమని, మీటరు మోకాలి మీద పెట్టాడు. ముప్ఫై నాలుగు.

"ఏదీ, మళ్ళీ కలుక్కుమనిపించు."

ముసలాయన కాలు ముడిచాడు, చాచాడు. ముప్ఫై నాలుగే. ఆయన మోకాలికేసి కోపంగా చూశాడు. "ఓసి నీ దుంపతెగ! ఇంటికాడ సంపేస్తావు, పెద్దోల్ల ముందు నోరు లెగదేటే నీకు?"

ఆయన్ని కౌన్సెలింగుకి పంపారు. వెనకే వచ్చిన ఒక కిరాణా కొట్టాయన, రాత్రి తిన్న ఉల్లి పకోడీల పుణ్యమా అని మీటరు పొట్టమీద ఉండగానే బ్రేవుమని ఒక్క తేన్పు తేన్చాడు. డెబ్భై రెండు. ఆయనకి కుర్చీ వేసి, మందులిచ్చి, గుమ్మందాకా సాగనంపారు. అప్పలాచారి మెట్ల మీద కూర్చుని అదంతా చూశాడు పాపం.

మర్నాడు ఒక చంటిదాన్ని తీసుకొచ్చారు. గొంతులో ఏదో గరగర అని తల్లి చెప్పింది. మీటరు గొంతు మీద పెట్టగానే పిల్ల మీటర్ని చూసి జడుసుకుని కేరుమంది. తొంభై ఒకటి. గంట మోగింది, తాళంచెవి పరిగెత్తింది, హేమసుందరి అన్నం ముద్ద కంచంలో వదిలేసి వచ్చింది. ఈలోగా తల్లి పాలిచ్చింది, పిల్ల ఊరుకుంది. పాణిగ్రాహిగారు స్వయంగా ఫారం నింపారు: 'తక్షణ నిశ్శబ్దీకరణ – సఫలము.'

కౌన్సెలింగు వరండాలో మధ్యాహ్నం మూడింటికి. అదీ కూర్మారావే చెయ్యాలి. "నా శరీరమందు నొప్పి కలదు" అని అతను చెప్పించడం, నలభైమంది ఎక్కాల్లా వల్లించడం. పన్ను నొప్పివాడిదీ అదే వాక్యం, నడుం నొప్పావిడదీ అదే వాక్యం, మూలశంక ఆయనదీ అదే వాక్యం. వాక్యం ఒకటే అయ్యేసరికి చీటీ ఒకటే అయింది, చీటీ ఒకటే అయ్యేసరికి మాత్రా ఒకటే అయింది. అందరూ తెల్లమాత్ర పట్టుకుని ఇంటికి వెళ్ళారు. పదిహేను రోజులు తిరిగేసరికి ఓపీ సగానికి పడిపోయింది. 'సన్నవలస ప్రాంతమున వ్యాధులు యాభై శాతము తగ్గినవి' అని పాణిగ్రాహిగారు పైకి రాశారు. పైనుంచి అభినందన వచ్చింది. శభాష్ అన్నాక ఆగేవాడు ఎవడు?

కూర్మారావుకి అన్నం సయించేది కాదు. చదువుకోనివాళ్ళ నోట్లో ఉన్న మాటంతా ఊడబెరికి, అరిగిపోయిన ఒక్క వాక్యం చేతిలో పెడుతున్నానన్న సిగ్గు అతన్ని తినేసింది. రెండుసార్లు మీటరు పక్కనపెట్టి పాత పద్ధతిలో చీటీలు రాశాడు. రెండోసారి దొరికిపోయాడు. మెమో వచ్చింది. ఇంకొక్కసారి ఇంద్రియ సాంకర్యానికి పాల్పడితే ఏజెన్సీకి బదిలీ.

ఆ మంగళవారం పొద్దున పదింటికి అసిరితల్లి వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయి. నడుం నిలబడటం లేదు. కుడిచెయ్యి పొత్తికడుపు మీద కుడిపక్క పెట్టుకుని, అడుగు కింద పెడితే ఎక్కడ అదురుతుందో అన్నట్టు నడుస్తోంది. పక్కన ఆమె అత్త దాలమ్మ. చేపలమ్మే మనిషి. సంతలో ఆమె కేక వేస్తే అవతలి వీధిలో గిన్నెలు పట్టుకుని బయటికొస్తారు.

"ఏటమ్మా?" అన్నాడు కూర్మారావు.

"నిన్న సందేల బొడ్డుకాడ మెలిపెట్టినాది బావూ. తెల్లారికి ఇటేపు దిగిపోనాది. కలుక్కు కలుక్కుమంతంది. ఉన్నదంతా కక్కీసినాను," అంది అసిరితల్లి. ఆ కలుక్కు అన్నప్పుడల్లా ఆమె పెదవి కిందకి లాక్కుపోయింది.

కూర్మారావు కలం కింద పెట్టేశాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ నడక, ఆ చెయ్యి, ఆ మాట కలిసి వస్తే ఏమిటో అతనికి తెలుసు. ఊళ్ళో దాన్ని ఇరవైనాలుగ్గంటల నొప్పి అంటారు. అందులో పదహారు గంటలు అయిపోయాయి.

పరుగున వెళ్ళి హేమసుందరిని పిలుచుకొచ్చాడు. ఆవిడ బల్లమీద పడుకోబెట్టి కుడిపక్క మెల్లిగా నొక్కి, చటుక్కున వదిలింది. అసిరితల్లి బల్లమీంచి లేచిపడింది. హేమసుందరి కూర్మారావుని పక్కకు తీసుకెళ్ళింది.

"అపెండిక్సు. ఇప్పుడే తియ్యాలి. లోపల పగిలిందంటే చీము అంతా కడుపులో పడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. తాళంచెవి తెప్పించండి."

"పత్రం కావాలి మేడమ్."

"అయితే కొలవండి!"

కొలిచాడు. ముప్ఫై ఎనిమిది. అసిరితల్లి నొప్పికి మూలుగుతుందేమో, మూలిగితేనన్నా నాలుగు అంకెలు పెరుగుతాయని కూర్మారావు ఆశపడ్డాడు. ఆ పిల్ల పైటచెంగు నోట్లో కుక్కుకుని ఒక్క చప్పుడూ చెయ్యలేదు. మగాళ్ళున్నచోట అరవకూడదని ఎవరో నేర్పి ఉంటారు.

కూర్మారావు సూపరింటెండెంటు గదికి వెళ్ళాడు. "సార్, నిజంగా చాలా ప్రమాదం. హేమసుందరి మేడమ్ కూడా చూశారు."

"ఎంత వచ్చింది?"

"ముప్ఫై ఎనిమిది సార్."

"అంటే ఉదరం నిశ్శబ్దంగా ఉన్నది. నిశ్శబ్దంగా ఉన్న ఉదరాన్ని కోయుమంటారా? రేపు ఆడిట్లో నన్నడిగితే ఏమని చెప్పను, కలుక్కుమన్నట్టు ఉన్నదని చెప్పనా?" పాణిగ్రాహిగారు నొచ్చుకున్నారు. "అమ్మాయిని కౌన్సెలింగుకి కూర్చోబెట్టండి. మూడింటికే కదా."

మూడింటికి! అప్పటికి ఇరవైయొకటో గంట. కూర్మారావు గది బయట నిలబడ్డాడు. భయం ఏజెన్సీ గురించి కాదు, అది తర్వాత సంగతి. చంటిదాని కేరు అతని చెవిలో మోగింది. దానివెంట సర్క్యులరులోని ఆఖరి వాక్యం అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా నిజాయితీగా చీటీలు రాసిన మనిషికి అంత దొంగబుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో గాని, వచ్చింది.

వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు. "సార్, మీటరు మీద నాకే అనుమానంగా ఉంది. ఇలాంటి కేసులో తమరు స్వయంగా సాక్షిగా నిలబడి కొలిపిస్తే రికార్డుకి నిండుగా ఉంటుంది."

స్వయంగా అన్న మాటా రికార్డు అన్న మాటా వినేసరికి పాణిగ్రాహిగారు కోటు తొడుక్కున్నారు.

బల్లచుట్టూ అందరూ నిలబడ్డారు. ఫ్యాను ఆపారు. కూర్మారావు మీటరు అసిరితల్లి పొత్తికడుపు మీద కుడిపక్కగా పెట్టి, దాలమ్మని పిలిచాడు. "అమ్మా, నువ్వు ఇలా రా, ఈ మీటరు మీదికి వంగి నిలబడు. భయపడకు." ఆమె వంగింది. అప్పుడు నెమ్మదిగా, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. "ఈయన మా పెద్ద డాక్టరుగారు. నీ కోడలి కడుపులో చప్పుడు లేదు గనక నొప్పి లేదంటున్నారు. ఊరికే నాటకం ఆడుతోందనే కదా సార్, తాత్పర్యం?"

"నాటకమని కాదు," అన్నారు పాణిగ్రాహిగారు. "నిరూపణ కాని బాధ అని."

దాలమ్మ ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి పీల్చడం చూసి హేమసుందరి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఓలమ్మో! ఓలమ్మో! ఏటన్నావురా! నొప్పి నేదంతావేటిరా! నా కోడలు రాత్రంతా లుంగలు సుట్టుకుపోనాది, నానేటి సూణ్ణేదా! కడుపులో మేలం వాయిస్తేనే నొప్పంతావేటి! నీ యమ్మ నిన్ను కన్నప్పుడు ఏ బాండు మోగినాదిరా! ఈ పిల్లకేటైనా అయినాదంటే నీ కోటు నీకు ఉరేసి, ఈ మిసను నీ నోట్లో దోపేత్తాను! కొయ్యరా కొయ్! కోసి సూడరా!"

కిటికీ అద్దం జరజరలాడింది. వరండాలో పావురాళ్ళు లేచిపోయాయి. కూర్మారావు బొటనవేలు మీటరు మీద ఉన్న గుండీ నొక్కి అంకెని అక్కడే నిలిపేసింది. తొంభై ఏడు.

అందరూ పాణిగ్రాహిగారికేసి చూశారు. ఆయన ఒక నిమిషం దాలమ్మనీ, ఒక నిమిషం మీటర్నీ చూశారు. ఆయన మొహంలో ఒక పెద్ద పోరాటం జరిగింది. చెవులు ఒక మాట చెప్పాయి, కళ్ళు ఒక మాట చెప్పాయి. రెంటినీ కలిపితే ఏమవుతుందో ఏ గుడ్డివాడికైనా తెలుస్తుంది. కాని ఆయన కలపడానికి వ్యతిరేకులు.

"యంత్రము ఎక్కడ ఉన్నది?" అన్నారు చివరికి.

"రోగి ఉదరం మీద సార్. తమ సర్క్యులరు ప్రకారం."

"అయితే శబ్దము ఉదరం నుండియే వెలువడినది!" ఆయన మొహం వెలిగిపోయింది. "తొంభై ఏడు! ఇంతటి ఉదరాన్ని నా సర్వీసులో ఎరుగను. చూశారా డాక్టర్ హేమసుందరీ, శాస్త్రం అంటే ఇది. ఏమిటలా నిలబడ్డారు? తక్షణ నిశ్శబ్దీకరణ!"

తాళంచెవి వచ్చింది. పదకొండుంబావుకి అసిరితల్లిని లోపలికి తీసుకెళ్ళారు. పన్నెండున్నరకి హేమసుందరి ముసుగు తీసుకుంటూ బయటికొచ్చి, "పగలడానికి సిద్ధంగా ఉంది. ఇంకో రెండు గంటలు ఆగితే నేనేమీ చెయ్యగలిగేదాన్ని కాదు," అంది. కూర్మారావు గోడకి ఆనుకుని, అక్కడే నేలమీద చతికిలపడి, ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా ఏడ్చాడు. దాలమ్మ అతని పక్కన కూర్చుంది. ఆమె గొంతు పూర్తిగా పోయింది. నోరు ఆడుతోంది గాని ముక్క రావడం లేదు.

తీసిన అపెండిక్సుని సీసాలో వేసి దానికీ మీటరు పెట్టించారు పాణిగ్రాహిగారు. చప్పుడు లేదు. 'సఫలము' అని రాశారు. ఆ వారమంతా ఆయన 'ఉదర గర్జన: ఒక పరిశీలన' అనే పత్రం రాస్తూ కూర్చున్నారు. పైవాళ్ళు జిల్లాలో అన్ని ఆసుపత్రులకూ మీటర్లు కొనాలని నిర్ణయించారు.

తొమ్మిదో రోజున కుట్లు విప్పించుకోవడానికి అసిరితల్లి నిటారుగా నడుచుకుంటూ వచ్చింది. వెనకాల దాలమ్మ. అప్పుడప్పుడే గొంతు తిరిగొస్తోంది. పని అయ్యాక ఆమె కిటికీ దగ్గరికొచ్చి, తట్టలో వేసి తెచ్చిన ఎండుచేపల పొట్లం లోపలికి తోసింది. ఆ తర్వాత కటకటాల్లోంచి చెయ్యి పెట్టి కూర్మారావు గడ్డం పట్టుకుంది.

"నా కొంప నిలబెట్టినావు నాయినా. నీ కడుపు సల్లగుండ!"

ఆ చేతికి చేపల వాసన, ఆ గొంతులో జీర, ఆ కళ్ళలో తడి, అన్నీ కలిసి కూర్మారావు లోపల ఎక్కడికో దిగిపోయాయి. పిల్లలు లేని మనిషి. ఆ మాట అతనితో ఎవరూ అని ఎరగరు.

సరిగ్గా అప్పుడే పాణిగ్రాహిగారు రౌండ్సుకి బయల్దేరారు.

"కడుపు చల్లగానా?" ఆగిపోయారాయన. "చల్లదనము స్పర్శ విభాగము. అది నోటితో ఎలా నివేదిస్తారు? సిస్టర్, థర్మామీటరు!"

కూర్మారావుని అక్కడే బల్లమీద పడుకోబెట్టి, చొక్కా పైకెత్తి, కడుపు మీద థర్మామీటరు పెట్టి రెండు నిమిషాలు ఆగారు. తొంభై ఏడున్నర. ఆయన తల అడ్డంగా ఊపి, దాలమ్మ దీవెన ఎదురుగా 'నిరూపణ కాలేదు' అని రాసి, ఆమెని మూడింటికి కౌన్సెలింగుకి రమ్మన్నారు.

కూర్మారావు చొక్కా దించుకోలేదు. నిజానికి అతని కడుపు చల్లగానే ఉంది. చాలా చల్లగా ఉంది. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.